నర్సంపేట తోవ, తడిసిన అద్దం

ధర్మారం దాటేదాకా వాన లేదు. మొగులు మాత్రం పొద్దటి నుంచీ చెట్ల మీదికి దిగి ఉంది. పోయిన ఏడు, పుష్యమి కార్తె, నాలుగో శనివారం, సెలవు. "పాకాల మత్తడి దుంకుతాంది, ఇయ్యాల రాకపోతే మళ్లెప్పుడు సూస్తవు" అని ముందురోజు రాత్రి బావ ఫోన్ చేశాడు. అక్కావాళ్లది ఖానాపురం దగ్గర పల్లె. వరంగల్ నుంచి నర్సంపేట దాదాపు 40 కిలోమీటర్లు, అక్కడి నుంచి పాకాల మరో పది, పన్నెండు. పదిసార్లు పోయొచ్చిన తోవే. బస్సులో పోతే అయిపోయేది. కానీ వానాకాలంలో ఆ తోవను బండి మీదే చూడాలి. రెండు పక్కలా నాట్లు, పత్తి చేన్లు, తడిసిన మట్టి వాసన, ఎక్కడో ట్రాక్టర్ దున్నుతున్న చప్పుడు. బస్సు కిటికీలోంచి అవి సగమే అందుతాయి.

చినుకులు మొదలవగానే చింతచెట్టు కింద బండి ఆపి రెయిన్‌కోట్ వేసుకున్నాను. హెల్మెట్ పెట్టుకుని అద్దం కిందికి దించాను. రెండు కిలోమీటర్లు పోయానో లేదో, నా ముందు రోడ్డు పాల మీద మీగడ కట్టినట్టు మసకబారింది.

నాకు కళ్లజోడు ఉంది. వానలో కళ్లజోడువాడి బాధ కళ్లజోడువాడికే తెలుసు. నా కంటికీ రోడ్డుకీ మధ్య ఆ రోజు నాలుగు పొరలు. కళ్లజోడు మీద ఆవిరి, హెల్మెట్ అద్దం లోపలివైపు ఆవిరి, అద్దం బయట వాన చుక్కలు, వాటి అవతల గాలిలో వేలాడుతున్న ముసురు. ఎడమచేత్తో అద్దం బయట తుడిచాను. క్షణం తేటపడి మళ్లీ అంతే. మసక లోపల ఉంటే బయట ఎన్నిసార్లు తుడిచినా ఏం లాభం? ఆ సంగతి ఆ క్షణాన తోచలేదు. అద్దం పైకెత్తితే చినుకులు సూదుల్లా కళ్లలో గుచ్చుకున్నాయి. మళ్లీ దించాను.

పెద్ద చినుకు నేల మీదికి దిగే వేగం గంటకు దాదాపు 30 కిలోమీటర్లు. మనం 50 మీద పోతుంటే ఆ వాన నెత్తిన పడదు, ఎదురొచ్చి మొహానికి కొడుతుంది. నిలబడి చూసే వాన వేరు, బండి మీద చూసే వాన వేరు.

గిర్నిబావి ఇంకా రాలేదు. ఎదురుగా ఏదో నల్లగా కనబడింది. చెట్టు నీడ అనుకున్నాను. అది నీడ కాదు, ట్రాక్టర్ ట్రాలీ. మొగులుకు పట్టపగలే సందె చీకటి పడింది. ట్రాలీ వెనక లైటు లేదు, ఎర్ర రేడియం ముక్క లేదు. యూరియా బస్తాల మీద కప్పిన నల్ల పాలిథిన్ కవరు వానలో తడిసి రోడ్డు రంగులోనే కలిసిపోయింది. రెండు బ్రేకులూ పట్టాను. వెనక చక్రం ఒక పక్కకు జారింది, మళ్లీ దారికొచ్చింది. ట్రాలీ తలుపు గొలుసు నా ముందు చక్రానికి మూడడుగుల దూరంలో ఊగుతూ కనిపించింది. ఆ గొలుసు కొక్కేనికి చిక్కుకున్న గడ్డిపోచ కూడా ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ట్రాక్టర్ నడిపే అతనికి ఇవేమీ తెలియవు, వెళ్లిపోయాడు.

బండిని రోడ్డు దింపి నిలబడ్డాను. చేతులు వణుకుతున్నాయి. బ్రేకులు బాగానే ఉన్నాయి, టైర్లు కిందటి నెలే మార్చాను. లోపం వాటిలో లేదు. నాకు కనబడలేదు, అంతే.

గిర్నిబావిలో చాయ్ హోటల్ పక్కన పంచర్ షాపు ఉంది. రేకుల కింద బండి పెట్టి హెల్మెట్ తీశాను. పంచర్ షాపాయనకు యాభై దాటి ఉంటాయి. టైరు ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తూనే నా మొహం వంక చూశాడు.

"దస్తీ ఎందుకు కట్టినవే?" అన్నాడు.

నిజమే, ముక్కు మీదుగా దస్తీ ఉంది. దుమ్ముకూ ఎండకూ కట్టుకునే అలవాటు, వానలోనూ విప్పలేదు.

"అది తియ్యి. నీ ఊపిరంత మీదికి కొడతాంది. కరోనల మాస్క్ పెట్టుకుంటె అద్దాలు మబ్బు పట్టలేదా? గిది గంతే."

చాయ్ తాగేలోపు ఆయన చెప్పిన నాలుగు మాటలు బండి కొన్నప్పుడు షోరూంలో ఎవరూ చెప్పలేదు. మసకలు రెండు రకాలు. లోపలిది ఊపిరి మసక. మన ఊపిరి వెచ్చగా, నిండా తేమతో ఉంటుంది. వాన నీళ్లు, ఎదురుగాలి తగిలి అద్దం చల్లబడి ఉంటుంది. చల్లటి చెంబు మీద చెమ్మ పట్టినట్టు ఊపిరిలోని తేమ అద్దం మీద సన్నటి బిందువులై కూర్చుంటుంది. ఒక్కో బిందువూ వెలుతురును చెదరగొడుతుంది. మనవైపు చలి లేకున్నా ముసురులో గాలి నిండా తేమే కనుక ఆ బిందువులు ఆరే దారి లేదు. దానికి మందు గాలి. అద్దాన్ని ఒక గీత ఎత్తి ఉంచాలి, గదమ దగ్గరి గాలి రంధ్రం తెరవాలి, దస్తీ విప్పాలి. బయటి మసక వాన చుక్కలది. దానికి మందు వేరే. చుక్క అద్దాన్ని అంటుకోకుండా జారిపోవాలి. ఈ రెండింటినీ కలగాపులగం చేసి ఒకదాని మందు ఇంకోదానికి వాడేవాళ్లే ఎక్కువ. ఆ పొద్దున నేను చేసిందీ అదే.

ఆయన నా హెల్మెట్ చేతిలోకి తీసుకుని అద్దం మీద వేలు పెట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పాడు. "గీతలు పడ్డయి. పేటల కొత్తది ఏయించు. పెట్రోలుతోని తుడిచినవా?" అని అడిగాడు. తుడిచాను. తారు మరకలు పోతాయని ఎవరో చెబితే రెండుసార్లు తుడిచాను. హెల్మెట్ అద్దాలు చాలామటుకు పాలీకార్బనేట్‌వి. గాజు కాదు. పెట్రోలు, థిన్నర్ వంటివి దాన్ని తినేస్తాయి, కంటికి ఆనని పగుళ్లు వస్తాయి. తుడవడానికి సబ్బు నీళ్లు, మెత్తటి నూలు బట్ట తప్ప మరేదీ వాడకూడదు. మట్టి పడితే ముందు నీళ్లు పోసి మట్టిని జారనివ్వాలి. ఎండు మట్టి మీద బట్ట పెట్టి రుద్దితే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే.

చాయ్ డబ్బులు ఇవ్వబోతే ఆయన ఇవ్వనివ్వలేదు.

దస్తీ జేబులో పెట్టుకుని, అద్దం వేలెడు సందు ఎత్తి నర్సంపేటకు బయల్దేరాను. అంతే తేడా. అయినా చెరువు కట్ట మీద తాటిచెట్లు లెక్కపెట్టేంత తేటగా కనబడ్డాయి.

నర్సంపేట వానలో ఎప్పుడూ హడావిడిగానే ఉంటుంది. నకిరేకల్ నుంచి మహబూబాబాద్ మీదుగా వచ్చి మల్లంపల్లి దగ్గర ములుగు రోడ్డును కలిసే 365వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. నెక్కొండ, నల్లబెల్లి, దుగ్గొండి, ఖానాపురం రైతులందరికీ ఎరువుల దుకాణమైనా, ట్రాక్టర్ సామాను అయినా, ఆస్పత్రి అయినా ఇదే పేట. ఆ తోవల్లో లారీలు, ఆటోలు, కేజ్ వీల్స్ ఊడదీయకుండా రోడ్డెక్కే ట్రాక్టర్లు అన్నీ ఉంటాయి. పొలంలోంచి వచ్చిన ట్రాక్టర్ విడిచిన బురద ముద్దలు తారు మీద పడి, వానకు కరిగి సబ్బులా అవుతాయి. వాటిని ముందే చూసినవాడు నెమ్మదిస్తాడు. చూడనివాడు పడతాడు.

హెల్మెట్ల దుకాణం కుర్రాడు నా అద్దాన్ని ఊడదీసి, మాట్లాడకుండా పైనున్న బల్బుకు ఎదురుగా పట్టాడు. బల్బు చుట్టూ సాలెగూడు కనిపించింది. వందల సన్నటి గీతలు, వెలుగు చుట్టూ గుండ్రంగా అల్లుకుని ఉన్నాయి. పగలు అద్దంలోంచి చూస్తే ఒక్కటీ కనబడదు. "రాత్రి లారీ లైటు పడితె మీకు గిట్లనే కనబడుతది అన్నా, లారీ కనబడది" అన్నాడు. తర్వాత కొత్తది పట్టాడు. బల్బు బల్బులాగే ఉంది. మూడు వందల రూపాయలు. నల్లద్దం కూడా చూపించాడు, చాలామంది కుర్రాళ్లు అదే అడుగుతారట. వద్దన్నాను. వానాకాలంలో నల్లద్దం పెట్టుకుని సాయంత్రం బండి నడపడం కళ్లకు గంతలు కట్టుకోవడమే. ఈ మాట నేను గట్టిగానే అంటాను. రెండు పొరల మధ్య గాలి ఉంచి లోపల ఆవిరి పట్టకుండా చేసే పిన్‌లాక్ పలక గురించి అడిగాను. అది ఆ దుకాణంలో లేదు. హైదరాబాద్‌లో ఖరీదైన హెల్మెట్లకు పెడతారు, నాలుగైదు మామూలు అద్దాల ధర ఉంటుంది. రోజూ వానలో తిరిగే ఉద్యోగమైతే అది దండగ కాదు.

కార్లకు వైపర్ ఉంది. 1903లో అమెరికాలో మేరీ ఆండర్సన్ అనే ఆవిడ దానికి పేటెంట్ తీసుకుంది. న్యూయార్క్‌లో ట్రామ్ నడిపే అతను మంచులో ముందు కిటికీ తెరిచి చూస్తూ నడపడం చూసి ఆమెకు ఆ ఆలోచన పుట్టింది. నూట ఇరవై ఏళ్లు దాటినా మన బండివాళ్లకు వైపర్ ఎడమచేతి చూపుడు వేలే. కుడిచెయ్యి రేస్‌నూ ముందు బ్రేకునూ వదలకూడదు కనుక తుడిచే పని ఎడమచేతిదే. గంటకు 50 కిలోమీటర్ల మీద ఒక్క సెకనులో 14 మీటర్లు పోతాం. తుడుపుకు సెకను పట్టినా 14 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. కాబట్టి తుడిచేముందు ఎదురుగా ఏముందో చూసుకుని, రేస్ తగ్గించి తుడవాలి.

ఖానాపురం, అశోక్‌నగర్ దాటాక అడవి మొదలవుతుంది. వాన తెరిపి ఇచ్చింది. టేకాకుల మీది నుంచి చుక్కలు మాత్రం రాలుతున్నాయి. హెల్మెట్ అద్దం పూర్తిగా ఎత్తి నెమ్మదిగా పోయాను. పాకాల కట్ట ఎక్కేసరికి బావ గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

గణపతిదేవుడి కాలంలో, 1213లో, జగదాల ముమ్మడి కట్టించిన చెరువు ఇది. గుట్టల మధ్య కట్ట పోసి నీటిని ఆపారు. ఎనిమిది వందల ఏళ్లు దాటింది. ఇప్పటికీ దీని కింద వడ్లు పండుతున్నాయి, ఇక్కడి నుంచి పారే నీరే మున్నేరుకు మొదలు. నీళ్లు కట్ట అంచుదాకా నిండి, అవతలి గుట్టలు నీళ్లలో తలకిందులుగా కనబడుతున్నాయి. మత్తడి దగ్గర నీళ్లు తెల్లగా దుంకుతున్నాయి. ఆ తుంపర కళ్లజోడు మీద పడితే తీసి జేబులో పెట్టుకున్నాను. ఎదుట ఉన్నది మసకే, కానీ ఆ మసకలో భయం లేదు. బావా నేనూ చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఇంటికి పోయాక అక్కకు ట్రాలీ సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. తిట్టింది, కళ్లు తుడుచుకుంది. తర్వాత హెల్మెట్ తీసుకుని పెరట్లోకి పోయింది. ముందురోజు తలంట్ల కోసం నానబెట్టిన కుంకుడుకాయల రసం కొంచెం ఉంది. మెత్తటి పాత చీర ముక్క అందులో ముంచి, పిండి, అద్దం లోపలివైపు పలచగా రాసింది. ఆరనిచ్చింది. మరో పొడిముక్కతో వెలుతురు తేటగా కనబడేదాకా తుడిచింది. "మా మామ సైకిల్ మీద తిరిగెటప్పుడు కండ్లద్దాలకు గిట్లనే పెడుతుండె" అంది.

కుంకుడు రసంలో నురగనిచ్చే పదార్థం ఉంటుంది, సబ్బులో ఉన్న గుణమే. అది పూసిన అద్దం మీద తేమ చుక్కచుక్కలుగా నిలవదు, పలచటి పొరలా పరుచుకుంటుంది. పొరలోంచి చూపు దాటుతుంది, చుక్కల్లోంచి దాటదు. గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు ఒక్క బొట్టుతోనూ ఇదే పని జరుగుతుంది. లారీ డ్రైవర్లు ముందద్దానికి తంబాకు రుద్దడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇలాంటిదే అనుకుంటాను. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. కుంకుడు రసం కంట్లో పడితే ఎలా మండుతుందో మనకు చిన్నప్పుడే తెలుసు. తడిగా వదిలేస్తే వాన చుక్కతో పాటు కంట్లోకి జారుతుంది. పూర్తిగా ఆరాక, మెరిసేదాకా తుడిచాకే పెట్టుకోవాలి. బయటివైపు మాత్రం కుంకుడు వద్దు, వానకు నిమిషంలో కడుక్కుపోతుంది. బయటికి బావ తన కారు తుడిచే మైనం తెచ్చి రాశాడు. కొబ్బరినూనె రాద్దామని పక్కింటి కుర్రాడు అన్నాడు కానీ వద్దన్నాను. పగలు బాగానే ఉంటుంది, రాత్రి ఎదుటి లైటు పడగానే నూనె మొత్తం వెలుగై కూర్చుంటుంది.

ఉండమని అక్క బతిమాలింది. ఉండాల్సింది. పొద్దున పని ఉందని అయిదున్నరకు బయల్దేరాను, నర్సంపేటలో ఒక పని చూసుకునేసరికి ఏడు దాటింది. వాన మళ్లీ పట్టింది, ఈసారి దంచి కొట్టింది.

ఈ నేల మీద వాన ఎలా పడగలదో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. 2023 జూలై చివర్లో పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. తెలంగాణలో ఒక్కరోజులో అంత వాన అంతకుముందు ఎప్పుడూ నమోదు కాలేదు. 2024 సెప్టెంబర్ ఒకటిన కేసముద్రం దగ్గర ఇంటికన్నె వద్ద రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. అలాంటి రాత్రుల్లో రోడ్డు మీద పారే నీటి లోతు ఏ కళ్లకూ ఆనదు, ఎంత మంచి అద్దానికీ అందదు. నీళ్ల కింద రోడ్డు ఉందో లేదో తెలియని చోట బండి దిగి వెనక్కి తిరగడం ఒక్కటే పద్ధతి.

ఆ రాత్రి అంత వాన కాదు. అయినా చీకట్లో నా బండి డిప్పర్ వెలుగు ముప్ఫై మీటర్లకు మించి ఆనడం లేదు. లెక్క వేసుకున్నాను. 50 మీద పోతుంటే, ప్రమాదం కనబడి చెయ్యి బ్రేకు మీద పడేలోపు 14 మీటర్లు, తడి రోడ్డు మీద ఆగడానికి మరో 20. మొత్తం 34. నాకు కనబడేది 30. అంటే కనబడిన దాన్ని గుద్దే తీరతాను. 40కి దిగితే 24 మీటర్లలో ఆగుతాను. 40కి దిగాను. వెనకవాళ్లు హారన్ కొట్టారు, కొట్టనిచ్చాను.

ఎదురొచ్చే లారీల హైబీమ్‌లో పాత అద్దమైతే కళ్లు మూసుకుపోయేవి. కొత్త అద్దంలో ఆ వెలుగు వెలుగుగానే ఉంది, సాలెగూడు లేదు. లైటు మీద పడినప్పుడల్లా చూపు ఎడమపక్క తెల్ల గీత మీదికి మళ్లించాను. ఆ గీతే ఆ రాత్రి నాకు చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషి. దుగ్గొండి ప్రాంతంలో కొంతదూరం ఆ గీత చెరిగిపోయి ఉంది. అక్కడ ఒక ఆర్టీసీ బస్సు ముందు పోతుంటే, చక్రాల తుంపర తగలనంత దూరంలో దాని ఎర్రలైట్ల వెంట పోయాను. బస్సు డ్రైవర్ ఎత్తులో కూర్చుంటాడు, గుంత వస్తే బస్సు ముందే పక్కకు తిరుగుతుంది, అది చూసి మనమూ తిరగొచ్చు.

కుంకుడు పూత దాదాపు గిర్నిబావి దాకా నిలిచింది. అక్కడ మళ్లీ లోపల సన్నగా మసక మొదలైంది. పంచర్ షాపు మూసి ఉంది. దాని రేకుల కిందే బండి ఆపి, హెల్మెట్ తీసి, రెయిన్‌కోట్ లోపల పొడిగా దాచుకున్న చీర ముక్కతో కళ్లజోడు, అద్దం రెండూ తుడుచుకున్నాను. పది నిమిషాలు ఆగాను. వాన కొంచెం తగ్గింది. తొమ్మిదిన్నరకు ఇంట్లో ఉన్నాను, అక్కకు ఫోన్ చేశాను.

ట్రాక్టర్ ఉన్న అన్నలకు, తమ్ముళ్లకు ఒక మనవి. ట్రాలీ వెనక రెండు మూలలా ఎర్ర రేడియం అంటించండి. బస్తాల మీద కవరు కప్పినా అది పైకి కనబడేలా ఉంచండి. లారీ డ్రైవర్లకు ఇంకొకటి. వానలో ఎదురుగా ఒంటి లైటు వస్తుంటే డిప్పర్‌కు మారండి, ఆ లైటు వెనక కళ్లజోడు మనిషి ఉండొచ్చు. బండి నడిపేవాళ్లు ఈ రాత్రి మీ హెల్మెట్ అద్దాన్ని బల్బుకు ఎదురుగా పట్టి చూడండి. సాలెగూడు కనిపిస్తే పొద్దున్నే మార్చండి. మూడు వందలే.